ఉయరాక్‌కి పెట్టిన రెండో పేరు

పొద్దున ఏడున్నరకి ఉయరాక్ అమ్మమ్మ ఇంటి తలుపు తోసుకుని లోపలికి వస్తుంది. ఉత్తరధ్రువానికి దగ్గర్లోని మా ఊళ్ళో తలుపు కొట్టేది పోలీసులూ, దక్షిణం నుంచి వచ్చిన ఉద్యోగులూ మాత్రమే. మిగిలినవాళ్ళం తోసుకుని వెళ్ళిపోతాం. ఉయరాక్ కూడా అంతే. కానీ లోపలికి వచ్చాక గుమ్మంలో వేసిన పట్టా మీద ఆగిపోతుంది. బూట్లు విప్పదు, టోపీ తీయదు. బూట్లకి అంటిన మంచు కరిగి పట్టా తడిసిపోతున్నా అలాగే నిలబడుతుంది. పొయ్యి దగ్గర అటు తిరిగి ఉన్న అమ్మమ్మ ఊలిపీక తనని పిలవాలి. ఒక్కోరోజు పిలుపు వెంటనే వస్తుంది. ఒక్కోరోజు కెటిల్ మరిగి ఈల వేసేదాకా రాదు. పెద్దావిడ నోటిదాకా ఒక మాట వస్తుంది, దాన్ని మింగేసి, ఇంకో మాట వెతుక్కుని అంటుంది. అప్పుడు ఉయరాక్ బూట్లు విప్పి, టీ తాగి, పనికి వెళ్ళిపోతుంది.

నోటిదాకా వచ్చి ఆగిపోయే ఆ మాట "కొడుకా".

ఊలిపీకకి ఇద్దరు పిల్లలు. పెద్దది లిటియా. రెండోవాడి పేరు ఉయరాక్. వాడు పంతొమ్మిదేళ్ళప్పుడు, ఒక ఫిబ్రవరి నెలలో, తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఎందుకన్నది ఎవరికీ చెప్పలేదు. ముందురోజు పక్కింటివాళ్ళ మంచుబండి బాగుచేసి ఇచ్చాడని, డబ్బు ఇవ్వబోతే నవ్వి వద్దన్నాడని, ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. అంతకంటే చెప్పుకోవడానికి ఏమీ మిగల్చలేదు వాడు.

అప్పటికి లిటియాకి అయిదో నెల. జూన్‌లో ఇకాలుయిట్ పట్నం ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. ఊలిపీక ఫోన్‌లో అడిగిన మొదటి ప్రశ్న పిల్ల ఎలా ఉందని కాదు. "మా వాడు వచ్చాడా?" అంది. లిటియా వచ్చాడంది. అలా ఆ పిల్ల ఉయరాక్ అయింది.

మాలో పోయినవాళ్ళ పేరు పుట్టినవాళ్ళకి పెడితే, పేరు ఒక్కటే రాదు. చుట్టరికాలన్నీ దానివెంట వస్తాయి. ఊలిపీక మనవరాల్ని "కొడుకా" అని పిలిచింది. లిటియా కన్నకూతుర్ని "తమ్ముడూ" అంది. ఆ పిల్లకి మాటలు వచ్చాక అమ్మమ్మని "అమ్మా" అని, అమ్మని "అక్కా" అని పిలిచింది. తండ్రి వేరే ఊరివాడు, ఆ పిల్ల పుట్టకముందే విడిపోయి వెళ్ళాడు. కాబట్టి ఈ లెక్కలో తికమక పడవలసినవాళ్ళు ఎవరూ లేరు. ఇల్లు ఒకటే, మనుషులు ముగ్గురే. ఒక తల్లి, ఆమె కూతురు, తిరిగొచ్చిన కొడుకు.

మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య రెండు ఇళ్ళున్నాయి. బడిలో ఉయరాక్‌దీ నాదీ ఒకే బెంచీ. ఆరేళ్ళు వచ్చేదాకా ఆమెకి జుట్టు పొట్టిగా కత్తిరించేవారు. మేనమామ చలికోటునే విప్పి, చిన్నది చేసి, మగపిల్లల కుట్టుతో కుట్టించారు. టీలో అయిదు చెంచాల చక్కెర వేసి, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి ఇచ్చేవారు. చక్కెరా, కుర్చీ, రెండూ వాడివే. తొమ్మిదేళ్ళకి సముద్రపు మంచులో సీల్ జంతువు శ్వాస తీసుకునే రంధ్రం దగ్గర కాచుకుని మొదటి సీల్‌ని పట్టింది. మొదటి వేట మాంసం ఇంట్లో ఉంచుకోకూడదు, ఊరంతా పంచాలి. పంచుతున్నంతసేపూ ఊలిపీక ఏడుస్తూనే ఉంది. "మా వాడు రెండోసారి మొదటి సీల్ తెచ్చాడు" అని వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పింది.

చిన్నప్పుడు ఉయరాక్‌కి అదంతా ఇష్టంగానే ఉండేది. ఎవరికి ఉండదు? ఊళ్ళో సగంమంది పెద్దవాళ్ళు ఆమెకి ఏదో ఒకటి పెట్టేవారు. సహకార దుకాణంలో బిల్లులు కొట్టే గీలా ఒకప్పుడు మేనమామతో తిరిగిన అమ్మాయి. ఉయరాక్ చిప్స్ పొట్లం పట్టుకుని వరసలో నిలబడితే, గీలా అందరికీ వినబడేలా అనేది: "ఏమయ్యా, నన్నొదిలేసి ఎక్కడికెళ్ళావు ఇన్నాళ్ళూ? చిప్స్ తింటే కడుపు నిండుతుందా, పెళ్ళాన్ని ఎలా పోషిస్తావు?" వరసలో వాళ్ళంతా నవ్వేవారు. ఉయరాక్ కూడా బుగ్గలు ఎర్రబడేలా నవ్వేది. గీలా పొట్లం పక్కన ఒక చాక్లెట్ పెట్టి పంపేది. తర్వాత బిల్లుల బల్లకింద వంగి ఏదో వెతుకుతున్నట్టు కాసేపు లేచేది కాదు.

పదిహేడో ఏడు వచ్చేసరికి ఆ నవ్వు తగ్గింది. ఉయరాక్ బడికి రావడం మానేసింది. మధ్యాహ్నం దాకా పడుకునేది. ఏమైందని నేను అడగలేదు. అడగడం నాకు చేతకాదు, చెప్పడం ఆమెకి చేతకాదు. పక్కన కూర్చుని ఇద్దరం ఎవరి ఫోన్ వాళ్ళం చూసుకునేవాళ్ళం. ఒకసారి మాత్రం తనే అంది, టీ ఇచ్చేటప్పుడు అమ్మ, అంటే ఊలిపీక, తన మొహంలోకి చూడదని, కొంచెం వెనక్కి, చెవి దగ్గరెక్కడో చూస్తుందని.

మానసిక వైద్యురాలు ఆరువారాలకోసారి విమానంలో వచ్చి మూడు రోజులు ఉండేది. మంచి మనిషే. లిటియా పట్టుబట్టి కూతుర్ని ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళింది. ఒకటి నుంచి పది వరకు వేసుకుంటే నీ బాధ ఎంత ఉంటుందని ఆవిడ అడిగిందట. ఉయరాక్ "నాదా, వాడిదా?" అందట. ఆవిడ కాగితం మీద ఏదో రాసుకుంది. మళ్ళీ రావలసిన వారం గాలివాన, విమానం దిగలేదు. ఆ పైవారం పొగమంచు. తర్వాత ఆవిడ వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయింది. కొత్తగా వచ్చినావిడ మొదటి నుంచి మొదలుపెట్టి, ఒకటి నుంచి పది వరకు ఎంతని అడిగింది.

జూన్‌లో ఉయరాక్‌కి పంతొమ్మిది నిండాయి. ఆ రోజు కేకు కోశారు గానీ ఎవరూ వయసు పలకలేదు. అక్కడినుంచి ఊరు ఆమెని కనిపెట్టి చూడడం మొదలుపెట్టింది. దారిలో ఎదురైనవాళ్ళు అవసరమైనదానికంటే ఎక్కువసేపు నవ్వేవారు. ఎక్కడికి వెళ్ళినా ఎవరో ఒకరు అటే వెళ్తున్నట్టు వెంట వచ్చేవారు. గీలా వేళాకోళం మానేసింది. "సంచీ కావాలా?" అని మాత్రం అడిగేది, పరాయివాళ్ళని అడిగినట్టు.

అక్టోబర్‌లో ఊలిపీక ఇంట్లోని తుపాకీని తీసుకొచ్చి మా నాన్నకి ఇచ్చింది. అది పెద్ద ఉయరాక్ తుపాకీ. పన్నెండేళ్ళ వయసునుంచి ఈ పిల్ల దానితోనే వేటకి వెళ్తోంది. మా నాన్న దాన్ని సంచీలో చుట్టి, తాళం వేసి, ఫ్రీజర్ వెనక పెట్టాడు. రెండ్రోజుల తర్వాత ఉయరాక్ మా ఇంటికి వచ్చింది. టీ తాగుతుంటే ఆమె చూపు ఫ్రీజర్ వెనకనుంచి బయటికి కనబడుతున్న సంచీ పట్టీ మీద పడింది. ఆ పట్టీ తను కుట్టుకున్నదే. టీ పూర్తిగా తాగి, కప్పు కడిగి బోర్లించి వెళ్ళిపోయింది. తుపాకీ దాచడం తప్పు కాదు. ఆ పరిస్థితిలో ఎవరైనా అదే చేస్తారు, చెయ్యాలి కూడా. ఎందుకు దాస్తున్నామో ఆమెతో ఒక్క మాట అనకపోవడం తప్పయింది. ఆ శీతాకాలం ఆమె ఊరు దాటి మంచుమీదికి వెళ్ళలేదు. నిద్ర పట్టేది, ఆకలి వేసేది ఒక్క అక్కడే అని ఆమె నాకు ఎప్పుడో చెప్పింది. ఆ సంగతి నేను కూడా మా నాన్నకి చెప్పలేదు.

జనవరిలో ఊరి హాల్లో ఒక కార్యక్రమం పెట్టారు. మంగళ, గురువారాలు మధ్యాహ్నం కుర్రవాళ్ళు పెద్దవాళ్ళతో కూర్చుని చర్మాలు గీకాలి, కుట్టాలి. తలుపుకి అంటించిన కాగితం మీద "యువత మనోబలం, సంస్కృతితో అనుబంధం" అని రాశారు. మా వయసువాళ్ళు దాన్ని చూసి "సూప్‌తో అనుబంధం" అని నవ్వుకున్నారు, ఎందుకంటే వచ్చినవాళ్ళకి వేడి సూప్ పోస్తారు. లిటియా కూతుర్ని బతిమాలి పంపింది. ఉయరాక్ వెళ్ళి గోడకి ఆనుకుని కూర్చుని సూప్ తాగి వచ్చేది. నేను అక్కడ పేర్లు రాసుకునే పనిలో ఉండేదాన్ని.

అక్కడికి వచ్చే పెద్దవాళ్ళలో అనిర్నిక్ అందరికంటే పెద్దది. ఎనభై నాలుగేళ్ళు. ఊలిపీకకి తల్లి చెల్లెలు, అంటే పిన్ని. నేల మీద కాళ్ళు చాపుకుని, పలక మీద సీల్ తోలు పరిచి, అర్ధచంద్రాకారపు కత్తితో కొవ్వు గీకుతూ ఉండేది. ఎవరినీ ఏమీ అడగదు. మూడోసారి ఉయరాక్ వచ్చినప్పుడు ఆమె చేతికి ఒక సూది ఇచ్చి దారం ఎక్కించమంది. ఎక్కించింది. ఇంకోటి ఇచ్చింది. అలా ఏడు సూదులు. ఏడో సూది ఇస్తూ, తల ఎత్తకుండా, మామూలుగా మాట్లాడింది.

"వాడికి పంతొమ్మిదితో అయిపోయింది. నీ సంగతేంటి?"

హాల్లో అందరూ ఆమెతో అనకుండా తప్పించుకుంటున్న మాట అది. ఉయరాక్ ఏడో సూదికీ దారం ఎక్కించింది. తర్వాత తలవంచుకునే అంది:

"నేను పోతే అమ్మకి వాడు రెండోసారి పోతాడు. అందుకే ఉన్నాను. ఇంకెందుకూ కాదు. అలిసిపోయానవ్వా."

"ఊఁ" అంది అనిర్నిక్. గీకడం ఆపలేదు. "మోసేవాళ్ళకి ఆ మాత్రం అలుపు ఉండదా మరి."

తర్వాత ఆవిడ తన కథ చెప్పింది. గుడారాల్లో ఉండే రోజుల్లో తనకి మూడేళ్ళప్పుడు జబ్బు చేసి మాట పడిపోయిందట. అప్పట్లో డాక్టరెవరు? పిల్ల మోస్తున్న పేరు బరువైపోయి ఉంటుందని, ఇంకో పేరు పెట్టారు. తగ్గలేదు. మూడో పేరు పెట్టారు, అదే అనిర్నిక్. తగ్గింది. పాతపేర్లు ఎక్కడికి పోయాయని ఉయరాక్ అడిగింది. "ఎక్కడికి పోతాయి, ఇక్కడే ఉన్నాయి. కిందెక్కడో కూర్చున్నాయి. పైనున్నది నడుస్తోంది" అంది అనిర్నిక్. మాలో బతికున్నవాళ్ళు కూడా తమ పేరు ఇంకొకరికి ఇవ్వొచ్చు. అలా ఒకే పేరున్న ఇద్దరూ ఒకరినొకరు "నా ఎముకా" అని పిలుచుకుంటారు. అనిర్నిక్ తన పేరు ఇస్తానంది. కానీ మొదట పేరు పెట్టినామె ఒప్పుకోవాలి. అంటే ఊలిపీక.

మరునాడు లిటియా మంచుబండి వెనక మంచుమీద జారే స్లెడ్జి కట్టి, ముసలావిడని దుప్పట్లలో చుట్టి ఇంటికి తీసుకొచ్చింది. అనిర్నిక్ తన ఇల్లు, హాలు తప్ప ఎక్కడికీ కదిలి రెండేళ్ళయింది. ఊలిపీక కంగారుపడి గడ్డకట్టిన చేప కోసి నేలమీద అట్ట పరిచి పెట్టింది. అనిర్నిక్ నాలుగు ముక్కలు తిన్నాక విషయం చెప్పింది. ఉయరాక్ తలుపవతలి గదిలో పడుకుని ఉంది. ఇదంతా తర్వాత లిటియా చెప్పగా మా అమ్మ విన్నది.

ఊలిపీక కత్తి కింద పెట్టేసింది.

"వాణ్ణి తీసుకుపోవడానికి వచ్చావా పిన్నీ?"

"తీసుకుపోవడానికి నేనెవర్ని? ఉండనీ. కాస్త కూర్చోనీ వాణ్ణి. ఇరవై ఏళ్ళనుంచి నిలబెట్టే ఉంచావు."

"నా కొడుకుని కొడుకా అని పిలవొద్దంటున్నావు."

"ఆ పిల్లని పిలవొద్దంటున్నాను. వాణ్ణి పిలుచుకో. వాడు కొండకింద ఉన్నాడు. ఎప్పుడైనా వెళ్ళి పిలిచావా?"

కొండకింద అంటే శ్మశానం. ఊలిపీక అక్కడికి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. వెళ్ళవలసిన అవసరం ఏముంది, కొడుకు కిటికీ దగ్గర కూర్చుని టీ తాగుతుంటే? ఆవిడ లేచి చేప ముక్కల్ని ఫ్రీజర్‌లో పెట్టేసింది. అతిథి ఇంకా తింటుండగా అలా చేయడం మా దగ్గర పొమ్మన్నంత పని. అనిర్నిక్ వేళ్ళు నాక్కుని, తన దుప్పట్లు తనే కప్పుకోవడం మొదలుపెట్టింది. వెళ్తూ గుమ్మంలో, "నాకు ఎనభై నాలుగొచ్చాయమ్మాయ్. ఆ పేరు ఇంకా అరగలేదు. గట్టిది" అంది.

ఆ తర్వాత పదకొండు రోజులు ఊలిపీక ఎవరితోనూ మాట్లాడలేదు. రోజూ అయిదు చెంచాల చక్కెర వేసి టీ కిటికీ దగ్గర పెట్టేది. పొద్దు తక్కువ. పది దాటాక వెలుగు, మూడింటికి చీకటి. ఉయరాక్ కొన్నిరోజులు లేచి వచ్చి తాగేది, కొన్నిరోజులు లేవలేదు. తాగని టీని పెద్దావిడ మళ్ళీ వేడిచేసి పెట్టేది.

పెద్ద ఉయరాక్ పోయి సరిగ్గా ఇరవై ఏళ్ళు నిండిన రోజు ఊలిపీక దుకాణానికి వెళ్ళి మధ్యాహ్నం ఒంటిగంటకి తిరిగొచ్చింది. లిటియా పనిలో ఉంది. మంచం ఖాళీగా ఉంది. చలికోటు లేదు, టోపీ మాత్రం మేకుకి వేలాడుతోంది. బయట గాలి లేచి నేలమీద మంచుని తోస్తోంది. ఊలిపీక చుట్టుపక్కల రెండిళ్ళు చూసి వచ్చి ఊరి రేడియోకి ఫోన్ చేసింది. మా ఊళ్ళో ఆ రేడియో పొద్దుటినుంచి పడుకునేదాకా ప్రతి ఇంట్లో మోగుతూనే ఉంటుంది. తప్పిపోయిన చేతితొడుగు దగ్గర్నుంచి పుట్టినరోజు శుభాకాంక్షల దాకా అందులోనే చెప్పుకుంటాం. పాట ఆగిపోయి ఆవిడ గొంతు వినిపించింది.

"ఊలిపీకని. మా ఉయరాక్ ఎక్కడైనా కనిపించాడా? కనిపిస్తే ఇంటికి రమ్మనండి. టీ చల్లారిపోతోందని చెప్పండి."

మా అమ్మ చేతిలోని పిండి గిన్నె బల్లమీద పెట్టేసింది. ఇరవై ఏళ్ళ కిందట ఇదే రోజు, ఇదే రేడియోలో, ఇదే గొంతు ఇవే మాటలు అన్నదట. ఒక్క మాట కూడా తేడా లేదట. అమ్మ వయసువాళ్ళందరికీ అవి గుర్తున్నాయి. ఊలిపీకకి కూడా అప్పుడే గుర్తొచ్చి ఉంటుంది. ఎందుకంటే ఆవిడ ఫోన్ పెట్టలేదు, మాట్లాడనూ లేదు. ఊరంతా ఆవిడ ఊపిరి విన్నది. నిమిషం గడిచి ఉంటుంది. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు వేరేగా ఉంది.

"మళ్ళీ చెప్తున్నాను. అనిర్నిక్ కనిపించడంలేదు. మా పిన్ని. టోపీ లేకుండా వెళ్ళింది. ఎవరికైనా కనిపిస్తే... మా పిన్నిని ఇంటికి తీసుకురండి."

దానివల్ల ఒక పొరపాటు జరిగింది. పేరు మార్చే సంగతి ఊళ్ళో నలుగురికే తెలుసు. మిగిలినవాళ్ళు ముసలి అనిర్నిక్ తప్పిపోయిందనుకున్నారు. పదిహేను మంచుబండ్లు ఆవిడ ఇంటిముందుకొచ్చి ఆగాయి. మగవాళ్ళు తలుపు తోసుకుని వెళ్ళేసరికి ఆవిడ రొట్టె టీలో ముంచుకుని తింటోంది. "నేనిక్కడే ఉన్నాను. నా ఎముక బయట తిరుగుతోంది, పోయి దాన్ని వెతకండి" అని కసిరింది. వాళ్ళకి అర్థమై పరుగున బయటపడ్డారు. అలా ఆ పేరు ఊరందరికీ ఒక్క గంటలో తెలిసిపోయింది. ఏ వేడుకా చేయలేదు.

ఉయరాక్‌ని కనుక్కున్నది గీలా. దుకాణం వదిలేసి, బిల్లుల పెట్టెకి తాళమైనా వేయకుండా, తీరానికి వెళ్ళింది. శీతాకాలం పడవలన్నీ అక్కడ బోర్లించి ఉంటాయి. ఇరవై ఏళ్ళ కిందట తనూ, పెద్ద ఉయరాక్ గాలి తగలకుండా కూర్చునే చోటు ఒకటి ఆమెకి తెలుసు. ఈ ఉయరాక్‌కి ఆ చోటు ఎవరూ చెప్పలేదు. అయినా అక్కడే ఉంది, మోకాళ్ళ మీద తల పెట్టుకుని. చెవులు తెల్లగా గడ్డకట్టిపోయాయి. గీలా తన టోపీ తీసి ఆమె తలకి తొడిగింది. ఏమని పిలవాలో తోచలేదట. ఆఖరికి అంది:

"లే ముసలమ్మా. ఇక్కడే కూలబడితే నేను మొయ్యలేను. మీ అక్క కూతురు రేడియోలో నీకోసం ఏడుస్తోంది."

"ఎవరు?" అంది ఉయరాక్.

"ఊలిపీక. పిన్నీ పిన్నీ అంటోంది. ఊరంతా విన్నది."

ఉయరాక్ ఆమె మొహంలోకి చూసి, చెయ్యి చాపింది.

ఎవరూ తనని చూడనిచోట కాసేపు కూర్చుందామని వెళ్ళానని, కూర్చున్నాక లేవబుద్ధి కాలేదని తర్వాత చెప్పింది. అంతకుమించి ఎవరూ అడగలేదు. నర్సు మాత్రం అడిగింది, ఆమె అడగవలసిన తీరులోనే, తిన్నగా. దానికి ఉయరాక్ తిన్నగానే జవాబు చెప్పింది.

ఇల్లు చేరేసరికి ఊలిపీక మేజోళ్ళతో మంచులో నిలబడి ఉంది. మనవరాలి మొహంలోకి చూసింది, చెవి పక్కకి కాదు. ఏదో అనబోయి ఆగిపోయింది. ఆవిడ పక్కకి తప్పుకుంటే ఉయరాక్ లోపలికి వెళ్ళి పట్టా మీద నిలబడింది. బూట్లు విప్పలేదు. ఏ వరసతో ఈ ఇంట్లోకి అడుగుపెట్టాలో ఆమెకి తెలియలేదు. లిటియా, గీలా, మా నాన్న, నేను, అందరం వాకిట్లో ఉన్నాం. కెటిల్ మరిగి మరిగి నీళ్ళు అయిపోయిన వాసన వస్తోంది.

"పిన్నీ," అంది ఊలిపీక. "లోపలికి రా. కాళ్ళు తడిసిపోయాయి."

ఉయరాక్ బూట్లు విప్పింది.

మర్నాడు పొద్దున ఊలిపీక అయిదు చెంచాల చక్కెరతో టీ కలిపి కిటికీ దగ్గర పెట్టింది. ఎవర్నీ పిలవలేదు. అది చల్లారేదాకా ఎదురుగా కూర్చుని, చల్లారాక తీసుకెళ్ళి తొట్లో పారబోసింది. అప్పుడు ఏడుపు మొదలైంది. ఇరవై ఏళ్ళు ఆ ఏడుపు ఎక్కడ దాక్కుందో తెలియదు. వారం రోజులు ఆగలేదు. మార్చిలో లిటియా ఆవిడని కొండకిందికి తీసుకెళ్ళింది. శిలువ మీద రంగు పోయి పేరు చదవడానికి రావడంలేదు. ఆవిడ చేతితొడుగు తీసి వేలితో ఆ అక్షరాల మీద గీసిందట. తిరిగొచ్చాక ఒక్కసారిగా ముసలిదైపోయింది. అంతకుముందు కొడుకు పోయిన తల్లిలా ఎప్పుడూ కనబడలేదు. ఆనాటినుంచి కనబడుతోంది.

పేరు మారితే జబ్బు పోయిందని నేను చెప్పలేను. ఆ వసంతంలో ఉయరాక్ ఇకాలుయిట్ ఆస్పత్రిలో మూడు వారాలు ఉంది. ఇప్పటికీ మాత్రలు వేసుకుంటుంది. చెవి తమ్మె ఒకటి కొంత పోయింది. మే నెలలో మా నాన్న తుపాకీ తీసి, ఊలిపీక ముందే ఆమెకి ఇచ్చి, ఎందుకు దాచాడో ఆమెతో చెప్పాడు. చెప్పడం వచ్చినంతవరకు చెప్పాడు. "తెలుసు" అంది ఆమె. వారం పాటు ఇద్దరూ మంచుమీద ఉండి వచ్చారు.

అనిర్నిక్ ఆమెకి చర్మాలు గీకడం నేర్పింది. ఉయరాక్‌కి అది సరిగా రాలేదు. "నా ఎముకా, ఆ తోలుకి ఇన్ని కంతలు పెట్టావే, చేపలు పట్టడానికి వలగా అమ్ముదామా?" అని ముసలావిడ వెక్కిరిస్తుంటే హాల్లో అందరం విన్నాం. మూడో వసంతంలో ఆవిడ నిద్రలో పోయింది. అర్ధచంద్రాకారపు కత్తి ఉయరాక్‌కి వచ్చింది. అదే ఏడు మా ఊళ్ళో ఇద్దరు కుర్రాళ్ళు పెద్ద ఉయరాక్‌లాగే పోయారు. ఒకడు మా తరగతివాడు. వాళ్ళకి ఇవ్వడానికి ఎవరి దగ్గరా రెండో పేరు సమయానికి లేదు. వాళ్ళ పేర్లు అప్పుడే పుట్టిన పిల్లలకి పెట్టారు. ఉయరాక్ ఆ రెండు ఇళ్ళకీ వెళ్ళి ఆ తల్లుల దగ్గర కూర్చుంది. ఏం మాట్లాడిందో నాకు తెలియదు. మాట్లాడి ఉండకపోవచ్చు కూడా.

ఇప్పుడు లిటియాకీ ఉయరాక్‌కీ వేరే ఇల్లు వచ్చింది. అందుకే రోజూ పొద్దున అమ్మమ్మ ఇంటికి వెళ్ళడం, పట్టా మీద ఆగడం. ఊలిపీకకి డెబ్భై అయిదు దాటాయి, మతిమరుపు మొదలైంది. కొన్ని రోజులు "పిన్నీ" అనే మాట దొరకడానికి చాలాసేపు పడుతుంది. ఒక ఫిబ్రవరి పొద్దున అసలు దొరకలేదు. ఉయరాక్ ఆవేళ అరగంట నిలబడి, బూట్లు విప్పకుండానే పనికి వెళ్ళిపోయింది. మర్నాడు మళ్ళీ వచ్చింది.

ఆమె విమానాశ్రయంలో సామాన్లు దింపే పని చేస్తుంది. వయసు ఇరవై ఆరు. మేనమామ కంటే ఏడేళ్ళు పెద్దది.